చాలీచాలని జీతంతో సంసారం: ఇంటి లెక్క, అప్పుల తీరు, మనకు అందే సాయం

తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాల్లోనూ యానాంలోనూ తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో నెలాఖరుకు చేతిలో రూపాయి నిలవని ఇళ్ళు చాలానే ఉన్నాయి. హోసూరు కార్ఖానాల్లో కాంట్రాక్టు పనివాళ్ళు, బెంగళూరు గార్మెంట్స్‌కు వెళ్ళే ఆడవాళ్ళు, షోలాపూర్‌లో బీడీలు చుట్టేవాళ్ళు, బరంపురంలో చిన్న అంగడి పెట్టుకున్నవాళ్ళు, అందరిదీ ఒకే బాధ. మా సంఘం గదికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అర్హత ఉండీ సాయం అందనివాళ్ళే. ఒక కాగితంలో పేరు ఒకలా, ఇంకో కాగితంలో మరోలా ఉండటం, ఏ ఆఫీసులో అడగాలో తెలియకపోవడం, తెలుగు టీవీలో చూసిన ఆంధ్ర పథకం మనకూ వస్తుందని ఎదురుచూడటం, ఈ మూడే ముఖ్యమైన కారణాలు. అందుకే ఇంటి ఖర్చు సర్దుకోవడం దగ్గర నుంచి సాయం అడిగే పద్ధతి వరకు అన్నీ ఒకచోట రాస్తున్నాం. దాచుకుని అవసరమైనప్పుడు చూసుకోండి.

ముందు ఒక నెల లెక్క రాయండి

పాత నోటుపుస్తకం ఒకటి చాలు. ఒక నెలపాటు ప్రతి ఖర్చూ ఆ రోజే రాయాలి. టీ, ఆటో, పూలు, ఫోన్ రీచార్జి, ఏదీ వదలకూడదు. నెల తిరిగాక ఖర్చులను మూడు వరుసలుగా విడదీయండి. మొదటి వరుసలో తప్పించుకోలేనివి: అద్దె, బియ్యం, ఫీజు, మందులు. రెండో వరుసలో తగ్గించుకోగలిగేవి. మూడో వరుసలో వడ్డీలు. వడ్డీని విడిగా రాయకపోతే అది ఎంత తింటోందో ఎప్పటికీ కనబడదు.

ఉదాహరణకు తమిళనాడులో ఉన్న నలుగురి కుటుంబం అనుకుందాం. నెలకు రూ.22,000 వస్తుంది. అద్దె 6,000, తిండి సామాను 7,000, చదువులు 2,500, గ్యాసు, కరెంటు, ఫోన్లు కలిపి 1,800, మందులు 1,200, రాకపోకలు 1,500, లక్ష రూపాయల చేబదులు మీద నూటికి మూడు చొప్పున వడ్డీ 3,000. మొత్తం 23,000. ప్రతి నెలా వెయ్యి తక్కువ. ఆ వెయ్యి కోసం మళ్ళీ అప్పు.

ఇప్పుడు ఈ ఇంట్లో నాలుగు మార్పులు చేద్దాం. వాడకుండా వదిలేస్తున్న రేషన్ బియ్యం తెచ్చుకుంటే సుమారు 1,000 మిగులుతుంది. ఇంటి ఆడవాళ్ళు టికెట్టు లేని టౌన్ బస్సు ఎక్కితే 600. బీపీ, షుగర్ మందులు జన ఔషధి దుకాణంలో కొంటే మరో 600. ఇంట్లో బంగారం ఉంటే దాన్ని బ్యాంకులో పెట్టి, ఏడాదికి పది శాతం వడ్డీకి తీసుకుని ఆ లక్ష తీర్చేస్తే వడ్డీ 3,000 నుంచి సుమారు 835కు దిగుతుంది. అన్నీ కలిపి నెలకు 4,300 పైన తేడా. వెయ్యి తక్కువైన చోట మూడు వేలకు పైగా మిగులు. ఆ మిగులును కూడా అసలుకే కడుతూ పోతే రెండేళ్ళు దాటిన కొద్ది నెలలకే బంగారం ఇంటికి వస్తుంది. జీతం పైసా పెరగలేదని గమనించండి.

వంటింట్లో, కరెంటులో, మందుల్లో

రేషన్ బియ్యం బాగుండవని వదిలేసేవాళ్ళు మనలో ఎక్కువ. తమిళనాడులో ఇచ్చే ఉప్పుడు బియ్యం మన అన్నానికి నచ్చకపోయినా ఇడ్లీ, దోసెల పిండికి అవే సరైనవి. పచ్చిబియ్యం అడిగితే నిల్వను బట్టి ఇస్తారు. నలుగురి కుటుంబానికి నెలకు 20 కిలోలు ఉచితం. కందిపప్పు కిలో రూ.30కి, పామాయిలు లీటరు రూ.25కి ఇస్తున్నారు. ఇవి నెల మొదట్లో తెచ్చుకోవాలి, చివరి వారంలో సరుకు అయిపోతుంది.

దేశమంతటా ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్ళకు పొడిగించారు. కర్ణాటకలో అన్నభాగ్య కింద దీనికి అదనంగా మనిషికి మరో 5 కిలోలు ప్రకటించారు. 2023 జూలై నుంచి దానికి బదులు కిలోకు రూ.34 చొప్పున డబ్బు వేశారు, 2025లో మళ్ళీ బియ్యమే ఇవ్వడం మొదలుపెట్టారు.

పనికోసం వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళు ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో అక్కడి దుకాణంలోనే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కార్డు సొంత రాష్ట్రానిదే ఉంటుంది. అయితే ఆయా రాష్ట్రం సొంతంగా ఇచ్చే పప్పు, నూనె మాత్రం ఆ రాష్ట్రపు కార్డుకే.

కరెంటుకు వస్తే, తమిళనాడులో రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం. కర్ణాటకలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు, మీ పాత సగటు వాడకానికి పది శాతం కలిపి లెక్కకట్టి ఉచితంగా ఇస్తారు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఇంటి యజమాని పేరున మీటరు ఉన్నా మీ ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు పాత మీటరు నుంచి పేరు తీయించుకోవడం మరువకండి.

గ్యాసు కనెక్షన్ ఉజ్వల కింద తీసుకున్నవాళ్ళకు సిలిండరుకు రూ.300 రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పడకపోతే గ్యాసు ఏజెన్సీలో ఆధార్ ధృవీకరణ అయిందో లేదో అడగండి.

మందుల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. డాక్టరుగారిని మందు అసలు పేరు రాయమని అడగండి. ఆ పేరుతో జన ఔషధి దుకాణానికి వెళితే బయటి ధరలో సగానికి, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకే వస్తుంది. నెలనెలా మింగే మందులకు ఇది పెద్ద తేడా.

ఏ అప్పు ముందు తీర్చాలి

చాలామంది చిన్న మొత్తం ముందు తీర్చేస్తారు, లేదా గట్టిగా అడిగినవాళ్ళకు ముందు కడతారు. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీరాలి. నూటికి మూడు అంటే వినడానికి చిన్నమాట, ఏడాదికి 36 శాతం. నూటికి ఐదు అంటే 60 శాతం.

మన బజారుల్లో తిరిగే రోజువారీ వసూలు అప్పు ఇంకా భారం. పదివేల అప్పుకు చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. చూడటానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ మొదటి రోజు నుంచే మీరు అసలు తిరిగి కడుతున్నారు, పూర్తి మొత్తం మీ దగ్గర వంద రోజులూ ఉండటం లేదు. అసలు లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది. కూరగాయల బండివాళ్ళు, టిఫిను బండివాళ్ళు దీనికి బదులు పీఎం స్వనిధి అప్పు అడగాలి. మొదటి విడత 10,000తో మొదలై, 2025 మార్పుల తరువాత 15,000 అయింది. అది సక్రమంగా కడితే 25,000, ఆపైన 50,000 ఇస్తారు. వడ్డీలో ఏడు శాతం ప్రభుత్వం భరిస్తుంది. మున్సిపాలిటీలో వీధి వ్యాపారి గుర్తింపు కాగితం ముందు తీసుకోవాలి.

చీటీల సంగతి. చీటీ మనకు కొత్త కాదు, దాచుకోవడానికి మంచి అలవాటు కూడా. కానీ 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన చీటీయేనా అని చూడండి. నమోదైన చీటీలో నిర్వాహకుడి కమిషను ఏడు శాతం మించకూడదు. మొదటి నెలల్లో ఎక్కువ తోసి పాడుకోవడం అంటే ఎక్కువ వడ్డీకి అప్పు చేసినట్టే. చివరివరకు ఆగగలిగినవాళ్ళకే చీటీ లాభం. నమోదు లేని చీటీ నడిపేవారు మన కులంవారే, మన ఊరివారే అయినా రసీదు లేకుండా కట్టకండి.

సంఘాల ద్వారా, మైక్రోఫైనాన్సు ద్వారా ఇచ్చే అప్పులకు రిజర్వు బ్యాంకు 2022లో నియమాలు పెట్టింది. కుటుంబం నెలనెలా కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం ఆరు తరువాత వసూలుకు రాకూడదు, బెదిరించకూడదు. కర్ణాటకలో 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ళ మీద ప్రత్యేక ఆర్డినెన్సు తెచ్చారు. తమిళనాడులో అధిక వడ్డీని నిషేధించే చట్టం 2003 నుంచే ఉంది. ఇబ్బంది పెడితే పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.

ఫోన్‌లో అయిదు నిమిషాల్లో ఇచ్చే అప్పు యాప్‌ల జోలికి పిల్లలను పోనివ్వకండి. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం పథకమే మనది

తెలుగు టీవీలో చూసి ఆంధ్ర పింఛను రూ.4,000 గురించి, ఆరోగ్యశ్రీ గురించి, తెలంగాణ ఉచిత బస్సు గురించి మమ్మల్ని అడిగేవాళ్ళు ప్రతి వారం ఉంటారు. అవి ఆ రాష్ట్రాల్లో నివాసం ఉన్నవాళ్ళకే. మనం తెలుగువాళ్ళమే అయినా మన రేషన్ కార్డు, ఓటు ఎక్కడ ఉన్నాయో అక్కడి ప్రభుత్వమే మనకు ఇవ్వాలి. యానాం చుట్టూ అన్నివైపులా ఆంధ్రే ఉన్నా, యానాంవాళ్ళకు పుదుచ్చేరి పథకాలే వర్తిస్తాయి. రెండు చోట్లా కార్డు పెట్టుకుంటే ఆధార్ సరిపోల్చినప్పుడు రెండూ పోయే ప్రమాదం ఉంది.

ఆంధ్ర నుంచి కోడలుగా వచ్చిన అమ్మాయి విషయంలో ఇది మరీ ముఖ్యం. పుట్టింటి కార్డులో పేరు తీయించి, ఆ కాగితం తెచ్చి, ఇక్కడి కార్డులో చేర్పించాలి. అది అయ్యేదాకా ఏ పథకమూ కదలదు. పెళ్ళైన మొదటి మూడు నెలల్లోనే ఈ పని చేయించండి.

తమిళనాడు: కలైజ్ఞర్ మగళిర్ ఉరిమై తొగై కింద ఇంటి ఆడవారికి నెలకు రూ.1,000. 2023 సెప్టెంబరు 15న మొదలైంది. వయసు 21 నిండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్ల లోపు ఉండాలి. దరఖాస్తులు విడతలుగా తీసుకుంటారు. టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు 2021 నుంచి టికెట్టు లేదు. కాగితాలకు ఇ-సేవై కేంద్రం.

కర్ణాటక: గృహలక్ష్మి కింద రేషన్ కార్డులో యజమానిగా ఉన్న మహిళకు నెలకు రూ.2,000. ఆమె గానీ భర్త గానీ ఆదాయపన్ను కట్టేవారై ఉండకూడదు. కార్డులో మామగారి పేరో, మగవారి పేరో యజమానిగా ఉంటే ముందు మార్పించాలి. శక్తి కింద రాష్ట్ర బస్సుల్లో ఆడవాళ్ళకు 2023 జూన్ 11 నుంచి ఉచితం, రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు గుర్తింపు చూపాలి. కాగితాలకు నాడకచేరి, గ్రామ ఒన్, బెంగళూరు ఒన్ కేంద్రాలు.

మహారాష్ట్ర: లాడకీ బహిణ్ కింద 21 నుంచి 65 ఏళ్ళ మహిళలకు నెలకు రూ.1,500. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. వేరే రాష్ట్రంలో పుట్టి ఇక్కడివారిని పెళ్ళాడిన ఆడవాళ్ళకు భర్త జన్మ ధృవపత్రం, స్కూలు దాఖలా లేదా డొమిసైల్ ఒప్పుకుంటారు. మన కోడళ్ళకు ఇది తెలియక చాలామంది వెనక్కి వచ్చేశారు. ఇ-కేవైసీ గడువులు దాటనివ్వకండి. ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్ళకు సగం టికెట్టు, 75 ఏళ్ళు దాటినవారికి ఉచితం. కాగితాలకు సేతు కేంద్రం, ఆపలే సర్కార్.

ఒడిశా: సుభద్ర కింద 21 నుంచి 60 ఏళ్ళ మహిళలకు ఏడాదికి రూ.10,000. రాఖీ పౌర్ణమికి 5,000, మార్చి 8న 5,000. 2024 సెప్టెంబరు 17న మొదలై ఐదేళ్ళకు మొత్తం రూ.50,000. కాగితాలకు మో సేవా కేంద్రం.

యానాం: పుదుచ్చేరి ప్రభుత్వం, వేరే ఏ నెలవారీ సాయమూ అందని కుటుంబాల ఇల్లాలికి నెలకు రూ.1,000 చొప్పున 2023 జనవరిలో మొదలుపెట్టింది. వివరాలకు పరిపాలనాధికారి ఆఫీసు.

మొత్తాలు, షరతులు బడ్జెట్టు తరువాత మారుతుంటాయి. దరఖాస్తు పెట్టేరోజు కౌంటరులో ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

ఇంటిపేరు తెచ్చే తంటా

మన కష్టాల్లో సగం ఇక్కడే ఉంది. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరం ముందు వేస్తారు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. ఒడిశాలో ఇంటిపేరు చివర. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మళ్ళీ మారుతుంది. ఒకే మనిషికి స్కూలు దాఖలాలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి ఉంటే కంప్యూటరు ముగ్గురు మనుషులుగా చూస్తుంది. డబ్బు మంజూరైనా ఖాతాలో పడదు.

మేము చెప్పేది ఇది. స్కూలు దాఖలా ఉన్నవాళ్ళు అందులో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. కాబట్టి కేంద్రానికి వెళ్ళేముందు పేరు అక్షరం అక్షరం కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ముందు ఆధార్, తరువాత బ్యాంకు, తరువాత రేషన్ కార్డు, ఈ వరుసలో వెళ్ళండి. చివరగా బ్యాంకులో ఒక ప్రశ్న అడగండి: ప్రభుత్వ డబ్బు పడటానికి నా ఆధార్ ఈ ఖాతాకే ముడిపడి ఉందా అని. రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్ళకు ఏళ్ళ తరబడి తెరవని పాత ఖాతాలో డబ్బు పడుతూ ఉండవచ్చు.

కుల ధృవపత్రం, భాషా మైనారిటీ: అపోహలు

ఒకే కులం ఒక రాష్ట్రంలో ఒక జాబితాలో, పక్క రాష్ట్రంలో వేరే జాబితాలో ఉంటుంది. వడ్డెరలు ఆంధ్రలో బీసీ-ఏ. కర్ణాటకలో భోవి, వొడ్డర్ పేర్లతో ఎస్సీ. పద్మశాలీలు మహారాష్ట్రలో ప్రత్యేక వెనుకబడిన వర్గం. అందుకే తాతగారి ఊరి నుంచి తెచ్చిన పత్రం ఇక్కడి ఫీజు రాయితీకి చెల్లకపోవచ్చు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా ఉన్నంత మాత్రాన వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ హక్కు రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ఆ కేసు వేసింది ఆంధ్ర నుంచి వెళ్ళి బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన విద్యార్థే. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు సెప్టెంబరు 6 నాటికి కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉంది అన్నది చూస్తారు. తాత, ముత్తాతల పాత పన్ను రసీదు, స్కూలు దాఖలా, భూమి కాగితం ఏది ఉన్నా పారేయకండి.

రెండో అపోహ మైనారిటీ స్కాలర్‌షిప్. కేంద్రం ఇచ్చే మైనారిటీ స్కాలర్‌షిప్‌లు ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ మతాలవారికి. తెలుగు మాట్లాడే భాషా మైనారిటీ అన్న కారణంతో అవి రావు. అయితే తెలుగువాళ్ళు భాషా మైనారిటీ సంస్థలుగా నడిపే కాలేజీల్లో కొంత భాగం సీట్లు మన పిల్లలకు కేటాయిస్తారు. అక్కడ పిల్లవాడి స్కూలు రికార్డులో మాతృభాష గడిలో తెలుగు అని ఉందా అన్నదే చూస్తారు. ఒకటో తరగతిలో చేర్చేరోజే ఆ గడి సరిగ్గా రాయించండి.

చదువులకు

ఎనిమిదో తరగతి పిల్లలకు జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూలు పిల్లలు, ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉన్నవాళ్ళు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి రూ.12,000. హెడ్‌మాస్టరుగారిని జూలైలోనే అడగండి.

తమిళనాడులో ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ స్కూల్లో చదివి కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలకు పుదుమైప్పెణ్ కింద నెలకు రూ.1,000. ప్రభుత్వ స్కూల్లో తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయిలూ అడగవచ్చు. ఎయిడెడ్ స్కూలు అయితే తమిళ మాధ్యమం అన్న షరతు ఉంది. మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పేరుతో 2024 ఆగస్టు నుంచి అంతే ఇస్తున్నారు.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఏడాదికి వెయ్యి రూపాయల నుంచి వృత్తివిద్యకు రూ.25,000 వరకు ఇస్తుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. తల్లి బీడీ గుర్తింపు కార్డే దీనికి ఆధారం. షోలాపూర్ అక్కలు, వదినలు ఆ కార్డును పెట్టెలో దాచి మరిచిపోకండి.

వైద్యానికి

ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వరకు ఆస్పత్రి చికిత్స. జాబితాలో ఉన్న ఆస్పత్రి వేరే రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. యానాం నుంచి కాకినాడ వెళ్ళేవాళ్ళు చేరేముందు ఆస్పత్రి కౌంటరులో ఈ కార్డు తీసుకుంటారా అని అడగాలి. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా విడి కార్డు 2024 అక్టోబరులో మొదలైంది.

తమిళనాడు ముఖ్యమంత్రి బీమాకు కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షా ఇరవై వేల లోపు ఉండాలి. కర్ణాటకలో ఏపీఎల్ కార్డువారికీ ప్యాకేజీ ఖర్చులో 30 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫూలే పథకం ఉంది. ఒడిశా 2025లో ఆయుష్మాన్‌లో చేరింది, అక్కడ ఆడవాళ్ళకు అదనంగా మరో ఐదు లక్షలు. ఈ కార్డులు జబ్బు వచ్చాక చేయించుకోవడం కష్టం. ఇంట్లో అందరూ బాగున్నప్పుడే చేయించుకోవాలి.

ఇంటి పెద్ద పోయినప్పుడు

ఈ విషయం రాయడం బాధగానే ఉంటుంది, కానీ తెలియక పోగొట్టుకునే డబ్బు ఇక్కడే ఎక్కువ. పోయినవారి బ్యాంకు పుస్తకం తీసి మే నెలాఖరు ప్రాంతంలో రూ.436 గానీ రూ.20 గానీ కోత పడిందేమో చూడండి. 436 ఉంటే జీవన జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. 20 ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. బ్యాంకులో వెంటనే క్లెయిము కాగితం అడగండి.

పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్ డబ్బు, కుటుంబ పింఛనుతో పాటు గరిష్ఠంగా ఏడు లక్షల వరకు బీమా కూడా ఉంటుంది. ఫ్యాక్టరీవాళ్ళు పీఎఫ్ మాత్రమే చెప్పి ఊరుకోవచ్చు, బీమా ఫారం మీరే అడగాలి. బీపీఎల్ కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ళ సంపాదనపరుడు పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద రూ.20,000 తాలూకా ఆఫీసు ద్వారా వస్తుంది. వృద్ధాప్య, వితంతు పింఛన్లకూ అక్కడే దరఖాస్తు. తమిళనాడులో వృద్ధాప్య పింఛను నెలకు రూ.1,200, కర్ణాటక సంధ్యా సురక్షలో రూ.1,200, మహారాష్ట్ర శ్రావణ్ బాళ్ కింద రూ.1,500, ఒడిశాలో మధుబాబు పింఛను.

పెద్దవాళ్ళు ఎక్కడో వేసి మరిచిన డిపాజిట్లు ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు. పదేళ్ళు కదలని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది, అయినా వారసులు ఎప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. ఇక్కడా ఇంటిపేరు ముందు, వెనుక, పొడి అక్షరాలతో మూడు రకాలుగా వెతకండి.

పనివాళ్ళకు

మేస్త్రీలు, కూలీలు, పెయింటర్లు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదు కావచ్చు. పిల్లల చదువుకు, కాన్పుకు, ప్రమాదానికి సాయం ఉంటుంది. ఏటా లేదా నిర్ణీత గడువుకు తిరిగి చేయించకపోతే నమోదు ఆగిపోతుంది. దర్జీ, వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి, మేస్త్రీ, పూలమాలలు కట్టేవారు, ఇలా 18 వృత్తులకు పీఎం విశ్వకర్మలో పనిముట్లకు రూ.15,000, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల అప్పు.

కోర్టు, నోటీసు, ఆస్తి తగాదా ఏదైనా ఉంటే జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి కూడా లేదు. నంబరు 15100.

అడిగే పద్ధతి

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఒక ప్లాస్టిక్ కవరులో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, ఆదాయ పత్రం, కుల పత్రం, స్కూలు దాఖలా, ఫొటోలు, రెండేసి నకళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. ఆదాయ పత్రానికి గడువు ఉంటుంది, జూన్‌లో బడి చేరికలకు ముందే కొత్తది తీసుకోండి. దరఖాస్తు నంబరు, తేదీ, తీసుకున్నవారి హోదా ఇంటి లెక్క పుస్తకం చివరి పేజీలో రాసుకోండి. నెల దాటితే ఆ నంబరుతో వెళ్ళి అడగండి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇమ్మనండి, ఆ కారణం చేతిలో ఉంటేనే పై ఆఫీసరు దగ్గర మాట్లాడగలం. మంజూరు చేయిస్తానని ముందే డబ్బు అడిగే మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

చివరగా మన సంఘాల సంగతి. చాలా తెలుగు సంఘాల్లో విద్యార్థి నిధి, వైద్య సాయం, తక్కువ అద్దెకు కల్యాణ మండపం ఉన్నాయి. నిధి చిన్నదే అయినా ఫీజు గడువు దాటకుండా ఒక నెల ఆదుకోవడానికి సరిపోతుంది. పరువు పోతుందని నూటికి ఐదు వడ్డీకి వెళ్ళేముందు కార్యదర్శితో ఒకసారి విడిగా మాట్లాడండి. ఆ మాట గది దాటదు. అరవం, కన్నడం, ఒడియా, మరాఠీ చదవడం రాని పెద్దవాళ్ళకు ఫారం నింపిపెట్టడానికి ప్రతి సంఘంలోనూ ఆదివారం ఉదయం ఇద్దరు కూర్చుంటే చాలు. రిటైరైన గుమాస్తాలు, టీచర్లు మనలో కొదవ లేదు. మీ ఊళ్ళో ఇంకా మొదలుపెట్టకపోతే వచ్చే ఆదివారం ఒక బల్ల, రెండు కుర్చీలు వేయండి.